వరండాకి ఐదు పరదాలు

ఎల్‌బీ నగర్‌లో మా ఇంటి వరండా పొడవు ఇరవై రెండు అడుగులు. ఈ కొలత నాకింత కచ్చితంగా ఎందుకు తెలుసంటే, ఒక వేసవంతా దానికి అడ్డం ఏం కట్టాలా అని టేపు పట్టుకుని కొలుస్తూనే ఉన్నాను. నేనెప్పుడు కొలిచినా ఇరవై రెండే. మావారు కొలిస్తే మాత్రం ఇరవై ఒకటిన్నర వచ్చేది. ఆయనకి ప్రతిదీ కాస్త తక్కువగానే కనిపిస్తుంది, నా వంటలో ఉప్పు తప్ప.

వరండా ముందు గేటు, గేటు ముందు సన్నటి సిమెంటు రోడ్డు, రోడ్డుకి అవతల ఎదురింటామె కుట్టుమిషను. మధ్యలో చెట్టూ లేదు, గుట్టా లేదు. మా వరండాలో ఎవరైనా ఆవలిస్తే ఆమెకి కొండనాలిక కూడా కనిపిస్తుంది. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం వాళ్లది. భర్త స్కూలు బస్సు డ్రైవరు. ఈమె పొద్దున్నే గుమ్మంలో మిషను వేసుకుని కూర్చుంటే, కాలనీలో ఎవరింటికి ఏ కూర వచ్చిందో, ఎవరింట్లోంచి ఎవరు అలిగి బయటికి నడిచారో, జాకెట్టు కుట్టు తప్పకుండా చూసేది. మంచి మనిషే. కానీ ఆమె చూపుకి అడ్డంటూ ఉండదు.

మా నాన్న డ్రిల్లు మాస్టారు. గుంటూరు వైపు హైస్కూళ్లలో ముప్పై ఏళ్లపాటు పిల్లల చేత ఎండలో "ఎటెన్షన్" చేయించి, రిటైరయ్యాక మా దగ్గరికొచ్చి ఉంటున్నారు. రిటైరయ్యింది ఉద్యోగంలోంచే, అలవాటులోంచి కాదు. పొద్దున గేటు దగ్గర నిలబడి బడికెళ్లే ప్రతి పిల్లాణ్ణీ ఆపేవారు. "భుజాలు వెనక్కి! బూటు లేసు! ఆ నడకేంట్రా, ముసలాళ్లా?" పిల్లల్నే కాదు, పెద్దల్నీ వదిలేవారు కాదు. మా కాలనీ అసోసియేషన్ సెక్రటరీగారు పాలపాకెట్టుకి వెళ్తుంటే, "ఏవయ్యా, నీకంటే ముందు నీ పొట్ట వెళ్తోంది చూసుకో" అనేవారు. ఆయన నవ్వి పొట్ట లోపలికి లాక్కుని, గేటు దాటగానే వదిలేసేవారు. కాలనీ అంతా నాన్నని పెద్దసారు అనేది.

అలాంటి మనిషి మార్చి నెలలో ఒకరోజు తెల్లారగట్ల పళ్లు తోముకుంటూ బాత్రూం గుమ్మంలో కుప్పకూలిపోయారు. పక్షవాతం. ఎడమ కాలు, ఎడమ చెయ్యి పడిపోయాయి, మూతి పక్కకి లాగేసింది, మాట ముద్దయింది. కారులో పడుకోబెట్టుకుని తీసుకెళ్తే కాలనీ ఇంకా నిద్రలో ఉంది. పన్నెండు రోజుల తర్వాత మిట్టమధ్యాహ్నం ఇంటికి తెచ్చాం. అప్పుడు కాలనీ అంతా కూలర్ల ముందుంది. ఎవరూ చూడలేదు.

డాక్టరుగారు ఒకే మాట చెప్పారు. "మూడు నెలలు. ఈ మూడు నెలల్లో రోజూ రెండుపూటలా నడిపిస్తే కాలు తిరిగొస్తుంది. బద్ధకిస్తే ఇంతే, ఇక జీవితాంతం ఇలాగే." ఆయన ఏదో బస్ పాస్ గడువు చెప్పినట్టు చెప్పారు కానీ, నేను అప్పుడే వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాను.

నడిపించాలంటే చోటు కావాలి. మా హాల్లో నాన్న వాకరుతో నాలుగు అడుగులు వేస్తే సోఫా, ఇంకో రెండు వేస్తే ఫ్రిజ్. నడవడానికి ఉన్న చోటల్లా ఆ వరండా ఒక్కటే. గోడవారగా పట్టుకోవడానికి రాడ్డు కూడా బిగించాం. తీరా తలుపు తీసి "రండి నాన్నా" అంటే గుమ్మం దగ్గరే ఆగిపోయారు. రోడ్డు చూశారు. మిషను చూశారు. "నన్ను ఊరేగిస్తావా?" అన్నారు. ఆ ముద్దమాటలో కూడా కోపం స్పష్టంగానే వినిపించింది. "కుంటి మాస్టార్ని చూడ్డానికి టిక్కెట్టు పెట్టు. అడ్డం కట్టు ముందు. అప్పుడు నడుస్తా."

ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పాలి. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో రీజనింగ్ చెప్తాను. గ్రూప్స్, బ్యాంకు పరీక్షలు. A తర్వాత B వస్తే C ఎక్కడ, ఇదీ నా బతుకు. నోరు పెద్దది, ఓపిక చిన్నది. కాబట్టి "అడ్డమే కదా, ఆదివారంకల్లా కడతా" అనేశాను.

ఆ రెండో రోజే ఎదురింటామె మిషను ఆపి అడిగింది, "మేడం, పెద్దసారు కనిపిస్తలేడు?"

"ఊరెళ్లారండీ" అన్నాను.

నోట్లోంచి ఎలా వచ్చిందో నాకే తెలీదు. అబద్ధం ఆడదామని అనుకోలేదు. నిజం చెప్తే ఆమె "అయ్యో" అంటుంది, ఆ "అయ్యో" నేను భరించలేను, అంతే. ఈ మాట చెప్పానని నాన్నకి చెప్పలేదు.

మొదటి పరదా మావారి ఆలోచన. పాతచీరలు. నా పెళ్లినాటి పెట్టె తీసి, పట్టువీ, జరీవీ, పూనంవీ, పదకొండు చీరలు తాడు మీద వరసగా వేలాడదీశారు. చూడ్డానికి బానే ఉంది. నాన్న బయటికొచ్చి నడవడం మొదలుపెట్టి అటు చివరకి వెళ్లారో లేదో, గేటు తీసుకుని ఇద్దరాడవాళ్లు లోపలికొచ్చేశారు. ఒకామె నా నెమలికంఠం రంగు చీర అంచు పట్టుకుని నలిపి చూస్తోంది.

"మేడం, ఇది ఎంతకిస్తున్నరు?"

"ఇవ్వడం లేదండీ."

"గట్లంటరేంది? ముందుగాల అందరు గట్లనే అంటరు. చెప్పుండ్రి జర. నెలకింతని కడ్తం."

ఇళ్లల్లో చీరల వ్యాపారం చేసేవాళ్లు మా వీధికి ముగ్గురున్నారు, ఆమె తప్పేం లేదు. అమ్మకానికి కాదని నేను గొంతు చించుకుంటుంటే రెండో ఆమె "లోపల కొత్త స్టాకుందేమో" అని చీర పక్కకి తీసింది. అవతల నాన్న లుంగీతో, వాకరుతో. వాకరు కూడా వదిలేసి గోడకేసి తిరిగి నిలబడ్డారు, బల్లిలా. ఆమె అయ్యో అనుకుని చీర దించేసింది. నాన్న రెండు రోజులు వరండా మొహం చూడలేదు. మూడు నెలల్లోంచి రెండు రోజులు పోయాయని నేను మావారి మీద ఎగిరాను. పాపం ఆయనేం చేస్తారు, చీరలు మడతపెట్టుకున్నారు.

రెండోది ఆకుపచ్చ నెట్టు. హయత్‌నగర్ మార్కెట్లో మీటర్ల లెక్కన తెచ్చి, నాలుగు మూలలా బిగించి కట్టాం. లోపల చల్లగా ఉంది, ఎవరికీ ఏమీ కనిపించదు. నాన్న మూడు రోజులు బుద్ధిగా నడిచారు. నాలుగో రోజు పొద్దున్నే ఒక మేస్త్రి, ఆయన వెనక తట్టలతో ఇద్దరు.

"సెంట్రింగ్ అయిందా అమ్మా? ప్లాస్టరింగ్ మనకియ్యిండ్రి."

ఇల్లు కట్టేవాళ్లు తప్ప ఆకుపచ్చ నెట్టు ఎవరు కడతారు? ఇసుకలారీ అతను వచ్చాడు. గ్రానైట్ అతను విజిటింగ్ కార్డు ఇచ్చాడు. ఒకాయన ఏకంగా "పై ఫ్లోరు కిరాయికి ఇస్తరా, డబుల్ బెడ్రూమా" అని అడిగాడు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. చివరికి సెక్రటరీగారే వచ్చి, పర్మిషన్ ఉందా, రోడ్డు మీద కంకర పోస్తే ఊరుకోం అని పొట్టతో సహా నిలబడ్డారు. లోపల్నించి నాన్న ఊపిరి బిగబట్టుకుని విన్నారు. ఆయన వెళ్లాక, "నా కాలు లేచేలోపు రెండో అంతస్తు లేచేట్టుంది" అన్నారు. నవ్వొచ్చింది గానీ, ఆ పూట నడక పోయింది.

మూడోది వెదురు తడికలు. రోడ్డు పక్కన నిచ్చెనలూ బుట్టలూ అల్లేవాళ్ల దగ్గర, చుట్టి పైకి లాక్కునే రకం చేయించాం. ఇవి నిజంగా అందంగా ఉన్నాయి. ఎండ సన్నటి గీతల్లా పడుతుంటే వరండా ఏదో రిసార్టులా ఉంది. నేను రోడ్డు మీదికెళ్లి నాలుగు వైపులనించీ చూశాను, లోపల పిట్ట కూడా కనిపించలేదు. గెలిచాననుకున్నాను. రీజనింగ్ చెప్పే మొహాన్ని, ఒక్క విషయం ఆలోచించలేదు. పగలు బయట వెలుగు, లోపల నీడ, కనిపించదు. సాయంత్రం వరండాలో లైటు వేస్తే తిరగబడుతుంది.

ఏడింటికి లైటు వేసి నాన్నని నడిపిస్తున్నాను. బయట పిల్లల గొంతులు. ముందు నవ్వులు, తర్వాత కేక, తర్వాత పరుగు. తడిక తొలగించి చూస్తే పదిమంది పిల్లలు ఎదురింటి అరుగెక్కి నిలబడ్డారు. మా వరండా మొత్తం తోలుబొమ్మలాట తెర అయిపోయింది. నాన్న నీడ తాటిచెట్టంత, వాకరు నాలుగు కాళ్లతో సహా.

మర్నాడు ఎదురింటామె దిగులుగా చెప్పింది, "మేడం, మీ ఇంట్ల ఆరు కాళ్లది ఏందో తిరుగుతుందంట. మా మనమడు బువ్వ తింటలేడు. పరేషాన్ గాకుండ్రి, నేను మీ ఇంటి దిక్కు తిరిగి ప్రార్థన చేసిన."

ఆమెకి థాంక్స్ చెప్పి లోపలికి తిరిగాను. ఇంకేం చెప్పను? ఆమే మళ్లీ వెనక నుంచి, "పెద్దసారు ఇంక ఒస్తలేడా?" అంది. "అక్కడే కొన్నాళ్లుంటారట" అన్నాను. ఒక అబద్ధం ఆడితే దానికి తిండి పెట్టి పెంచాలి మరి. ఆ రోజు నించి సాయంత్రం నడక చీకట్లోనే. చీకట్లో రెండుసార్లు తూలారు. దాంతో సాయంత్రం నడక మానేశాం. మూడు నెలల్లో సగం అప్పటికే కరిగిపోయింది.

తీగలు పాకిద్దామని నర్సరీకి కూడా వెళ్లాను. పరదాలా దిగే తీగ ఉంది, ఆరు నెలల్లో కమ్ముకుంటుందన్నాడు. ఈలోపు మా నాన్నే గోడలు పట్టుకుని పాకుతుంటాడు నాయనా అని వచ్చేశాను. ఆ కోపంలో ఆన్‌లైన్లో ప్లాస్టిక్ ఆకుల గోడ తెప్పించాను. నాలుగోది. మధ్యమధ్యలో ఊదారంగు పువ్వులు. అది పెట్టగానే మా ఇల్లు కొత్తగా తెరిచిన బిర్యానీ హోటల్లా తయారయింది. దాని సంగతి మనుషులు తేల్చలేదు, ఆవు తేల్చింది. కాలనీలో తిరిగే ఎర్రావు గేటు మీదుగా మెడ చాచి, ఒక్క లాగుడికి ఆరడుగుల తోట పీకేసింది. నమిలి చూసి, నా వంక అసహ్యంగా చూసి, ఉమ్మేసి వెళ్లిపోయింది.

ఆ చిరుగులోంచి నాన్న, ఆవు ఒకరినొకరు చూసుకున్నారు. నాన్న వాకరు తిప్పుకుని లోపలికెళ్లి మంచం మీద పడుకున్నారు. "వదిలెయ్యమ్మా. ఇంతే" అన్నారు. అంతకుముందు ఎప్పుడూ ఆ మాట అనలేదు. వారం రోజులు లేవలేదు. ఫిజియోథెరపీ అమ్మాయి కాలు నొక్కి చూసి, "బిగిసిపోతోంది మేడం" అంది. నేను వంటింట్లోకెళ్లి, కుళాయి తిప్పి, దాని చప్పుడులో ఏడ్చాను. ముప్పై ఏళ్లు ఊరి పిల్లలందర్నీ నడిపించిన మనిషి, ఒక అడ్డం దొరక్క మంచాన పడిపోతున్నాడు.

మిగిలింది నెలరోజులు. అప్పుడు మావారికి మెరుపులాంటి ఆలోచన వచ్చింది. టెంట్ హౌస్ పరదాలు! పెళ్లిళ్లలో చుట్టూ కడతారు చూడండి, దళసరి గుడ్డ, లైటు వేసినా నీడ పడదు, నెలకి అద్దెకి తెచ్చుకుంటే సరి. ఫోను స్పీకర్లో పెట్టి మాట్లాడారు. నేను పక్కనే కూర్చుని పేపర్లు దిద్దుకుంటున్నాను.

"కలర్‌వి అన్నీ పెళ్లిళ్లకు పోయినయ్ సార్. తెల్లయే ఉన్నయ్" అన్నాడు టెంట్ హౌస్ అతను.

"తెల్లవే నయం, వెలుతురొస్తుంది."

అతను గొంతు తగ్గించాడు. "అట్లనా సార్... ఎవలకు సార్?"

"మా మావయ్యగారికండీ."

"అయ్యయ్యో. సరే సార్. కుర్చీలు యాభై పంపిస్త."

"కుర్చీలెందుకండీ? మనుషులు రాకూడదనే కదా ఈ పరదాలు."

"గట్లంటే ఎట్ల సార్, ఎవలు ఆగుతరు, ఒస్తరు. బాక్సు ఎన్నింటికి పంపాలె?"

"బాక్సు అస్సలొద్దు. ఆయనకి చప్పుడు పడదు."

"ఎండలు మస్తున్నయ్ సార్. బాక్సు లేకుంటే ఆగదు."

"ఎండకీ బాక్సుకీ ఏంటండీ సంబంధం? వద్దంటే వద్దు."

"అంటే... జల్దీ తీస్కపోతరా?"

"ఎక్కడికి తీసుకెళ్తాం? నెలరోజులు ఇక్కడే ఉంచాలి. డాక్టరుగారే చెప్పారు."

అవతల ఎవరితోనో గుసగుసలాడాడు. తర్వాత, "సార్, మీరు జర ధైర్యంగ ఉండుండ్రి. పొద్దుగాల నేనే ఒస్త" అన్నాడు. ఎంత మంచివాడో అనుకున్నాం. మాకు తెలిసిన టెంట్ హౌస్ బాక్సు అంటే పాటలు పెట్టే సౌండ్ బాక్సు. తెల్ల పరదాతో పాటు వచ్చేది శవాన్ని పడుకోబెట్టే ఐసు బాక్సని, ఈ ఊళ్లో పదహారేళ్లుగా ఉంటున్న మా ఇద్దరికీ వెలగలేదు. మావారి సంగతి వదిలెయ్యండి, ఆయనది అకౌంట్స్. నేను కదా రీజనింగ్ చెప్పేది!

ఆదివారం ఏడింటికల్లా ఆటో ట్రాలీ వచ్చింది. మావారు వాళ్లకి వరండా చూపించి, మటన్‌కి వెళ్లిపోయారు. పరదాలు కట్టేశాక నేను నాన్నని బతిమాలి, బామాలి లేపి, వరండాలో వాకరు చేతికిచ్చి, "ఈసారి దేవుడు కూడా చూడలేడు, నడుస్తూ ఉండండి" అని చెప్పి తలంటుకోడానికి వెళ్లాను. నేను స్నానంలో ఉండగా బయట ఏం జరిగిందో తర్వాత తెలిసింది. టెంట్ అతను, వద్దన్నా తెచ్చిన కుర్చీలు గేటు లోపలా బయటా వేస్తూ ఎదురింటామెని అడిగాడట, "ముసలాయన ఎప్పుడు పోయిండమ్మా?" అని. ఆమె అమాయకంగా, "ఊరికి పోయి రెండు నెలలైతుంది, ఇంక ఒస్తలేడు" అంది. "ఇంకేం ఒస్తడు" అన్నాడట అతను.

అంతే. మా కాలనీలో వాట్సాప్ గ్రూపు అనవసరం.

తలంటుకుని, జుట్టు ఆరడానికి విరబోసుకుని, బొట్టు పెట్టుకోవడం మర్చిపోయి, పరదా బయటనించి ఎలా ఉందో చూద్దామని పక్కసందులోంచి ముందుకొచ్చాను. యాభై కుర్చీల్లో నలభై నిండి ఉన్నాయి. అందరూ తలలు వంచుకుని కూర్చున్నారు. నన్ను చూడగానే ఎదురింటామె లేచొచ్చి గట్టిగా కావిలించుకుంది. చర్చికని కట్టుకున్న తెల్లచీరలో ఉంది. ఆమె కుర్చీ పక్కన రెండు పెద్ద ఫ్లాస్కులు, ఒక గిన్నె ఉప్మా. చావింట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి ఎదురింటివాళ్లు తేవాలి. అది కూడా నాకు అప్పుడు తట్టలేదు.

"ఎట్లయింది బిడ్డా?" అని ఏడుస్తోంది.

నిజం తెలిసిపోయిందన్నమాట అనుకున్నాను. ఎక్కడో బరువు దిగినట్టయింది. "పళ్లు తోముకుంటూ ఒక్కసారిగా పడిపోయారండీ" అన్నాను.

"ఎన్నడు?"

"రెండు నెలలు దాటింది."

ఆమె చేతులు సడలాయి. "రెండు నెలలా? మాకు ఒక్క మాట చెప్పకపోతివి!"

"ఎవరికీ చెప్పద్దన్నారు."

"ఎవలన్నరు?"

"ఆయనే."

ఆమె ఒక అడుగు వెనక్కేసింది. "ఇప్పుడు యాడున్నడు?"

"లోపలే ఉన్నారు. ఇదిగో, ఈ పరదా వెనకే."

"రెండు నెలల సంది లోపట్నే ఉన్నడా?" అని, టెంట్ అతని వంక చూసింది. అతను "బాక్సు గూడ వద్దన్నరమ్మా" అని నెమ్మదిగా అన్నాడు. ముందు వరస కుర్చీలు కొంచెం వెనక్కి జరిగాయి.

సరిగ్గా అప్పుడే మావారు మటన్ సంచి ఊపుకుంటూ వచ్చి, ఈ జనాన్ని చూసి గేట్లో ఆగిపోయారు. జనం సంచి వంక చూశారు. సెక్రటరీగారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "పెద్దసారు మంచోడే. కానీ నోరు జర ఎక్కువ. దినాం నా పొట్ట మీద ఒక మాట అనేటోడు. ఇంక ఎవలంటరు" అన్నారు. అప్పటికి నాకు వెలిగింది.

నోరు తెరిచేలోపే పరదా కదిలింది. రెండు గుడ్డలు కలిసేచోట ముందు ఒక చెయ్యి వచ్చింది, తర్వాత వాకరు కాలు వచ్చి గుడ్డలో ఇరుక్కుంది. లోపల్నించి లాగారు, రాలేదు. ఏదో తిట్టు వినిపించింది, వాకరు పక్కకి పడింది. నాన్న టెంటు కర్ర పట్టుకుని బయటికొచ్చి నిలబడ్డారు. లుంగీ, బనీను, వారం గడ్డం.

"ఎవడ్రా పోయింది?" అన్నారు.

మాట ముద్దగానే వచ్చింది గానీ, పక్కవీధికి కూడా అర్థమయ్యేంత గట్టిగా వచ్చింది. నలభైమందీ ఒకేసారి లేచి నిలబడ్డారు. ఎవరో కెవ్వుమన్నారు. ఎదురింటామె "యేసయ్యా" అని కుర్చీలో కూలబడింది. సెక్రటరీగారైతే చేతులు పక్కలకి అంటించుకుని ఎటెన్షన్‌లో నిలబడ్డారు, పొట్ట లోపలికి లాక్కుని మరీ. నాన్న కర్ర వదిలేసి ఆయన వైపు నడిచారు. మధ్యలో పట్టుకోడానికి ఏమీ లేదు. ఎడమ కాలు ఈడుస్తూ, ఒరుగుతూ, ఆరడుగులు. నేను పరిగెత్తబోతే మావారు సంచితో సహా చెయ్యి అడ్డం పెట్టారు. నాన్న గేటు కమ్మీ అందుకుని ఆగారు. రెండు నెలల్లో వాకరు లేకుండా వేసిన మొదటి అడుగులు, మనిషి మీద కోపంతో వేశారు.

"పొట్ట తగ్గలా" అన్నారు సెక్రటరీగారితో.

నవ్వాలో ఏడవాలో తెలీక జనం రెండూ చేశారు. ఎదురింటామె తేరుకుని, కళ్లు తుడుచుకుని, కోపంగా నాన్న ముందుకొచ్చింది. "మరి ఊరికి పోయిండని చెప్పిండ్రు గద! రెండు నెలల సంది మేడం గదే చెప్తుంది!"

నాన్న నా వైపు తిరిగారు. ఆ రెండు మూడు క్షణాలు నేను భూమిలోకి దిగిపోతే బాగుండుననిపించింది.

"నేను అడ్డం కట్టమన్నాను" అన్నారు, ఒక్కొక్క మాటే కూడదీసుకుంటూ. "ఊళ్లోనే లేకుండా చెయ్యమన్నానా?"

ఈయన సిగ్గుపడుతున్నాడు, ఈయన కోసమే ఇదంతా అని రెండు నెలలు గొప్పగా తిరిగాను. అందులో సగం సిగ్గు నాది. కాదు, సగం కంటే ఎక్కువే. "తప్పయింది నాన్నా" అన్నాను, అంతమంది ముందు.

"ఆమెదొక్కదానిదే తప్పా?" అంది ఎదురింటామె. ఆమె వదిలే రకం కాదు. "బతికున్నోళ్లు మీరెందుకు దాసుకున్నరు సారూ?"

నాన్న బాగున్న చేత్తో మొహం చూపించారు. "మూతి చూడమ్మా."

ఆమె దగ్గరికొచ్చి, జాకెట్టు కుట్టు చూసినంత జాగ్రత్తగా చూసింది. "ఏముంది? జర గుంజింది. మా ఆయనది పుట్టిన కాడ్నించి గంతే." వాళ్లాయన వెనక వరసలో నిలబడి ఔనన్నట్టు తలూపాడు. తర్వాత ఆమె జనం వైపు తిరిగింది. "ఎందుకు నిలబడ్డరు? ఆఖరిసూపు సూసిపోదమని ఒచ్చిండ్రు గద, సూసే పోండ్రి. లైన్ కట్టుండ్రి!"

నాన్నని కుర్చీలో కూర్చోబెట్టింది. ఆయన వద్దనలేదు. జనం నిజంగానే లైను కట్టారు. ఒక్కొక్కరే వచ్చి ఆయన చెయ్యి పట్టుకుని, మొహంలోకి చూసి, ఏదో ఒకటి అని పక్కకి జరిగారు. ఎవరో తెచ్చిన దండ ఎక్కడ పెట్టాలో తెలీక గేటుకి తగిలించారు. సెక్రటరీగారు "ఎట్లున్నరు సార్" అంటే, "ఊర్నించి ఇప్పుడే దిగా" అన్నారు నాన్న. పిల్లలు వచ్చి వాకరు ఎక్కడని అడిగారు, చూసి వెళ్లారు. ఎదురింటామె పక్కన నిలబడి ఫ్లాస్కులో టీ పోస్తూనే ఉంది.

నేను వెళ్లి ఆ లైను చివర నిలబడ్డాను. ఎందుకు నిలబడ్డానో నాకు ముందుకి కదులుతుంటే తెలిసింది. రెండు నెలలుగా నాన్న కాలు చూశాను, మోకాలు చూశాను, ఎన్నడుగులు వేశారో లెక్కపెట్టాను. మాట్లాడుతున్నప్పుడు వాకరు వంక, పరదా వంక, గోడ వంక చూసి మాట్లాడాను. అన్నం పెడుతున్నప్పుడు చెంచా వంక చూశాను. ఒక్కసారి కూడా ఆయన మొహంలోకి చూడలేదు.

నా వంతు వచ్చింది. ఆయన ముందు కింద కూర్చుని, తలెత్తి చూశాను. మూతి కొంచెం కుడివైపుకి లాగి ఉంది. మిగతాదంతా మా నాన్నే.